ఓబుళమ్మ తొట్టి

కదిరిలో ప్రతి మిద్దె మీదా మూతపెట్టిన నీటితొట్టి ఉంది. పాలపుంతలో గామా కిరణాలు ఎక్కడ పుడుతున్నాయో వాటి తాకిడికి తొట్టి చీకట్లో పుట్టే మెరుపులే చెబుతాయి.

తొట్ల తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టర్ శశిభూషణ్ ఓబుళమ్మ మిద్దె ఎక్కాడు. "ఆకాశంలో నువ్వు చూపిన చోట ఏమీ లేదని మా జాబితా చెబుతోంది. మూత సందులోంచి ఎండ దూరుంటుంది. ఆ మెరుపును నీ లెక్కపుస్తకంలోంచి కొట్టేయ్, లేదంటే తొట్టి పీకిస్తా."

"చీమ దూరే సందు కూడా లేదు సార్. మీ జాబితాలో లేకుంటే ఆకాశంలో లేనట్టేనా?"

"మరి ఇంకెవరికీ కనబడలేదే?"

ఓబుళమ్మ పిట్టగోడ మీదినుంచి కేకేసింది. "నిన్న మీ తొట్లలో మెరిసిందా? భయపడకుండా చెప్పండి!"

"మెరిసిందక్కా," అంది ఎదురింటి ఖాసింబీ. "మూత సరిగా పెట్టలేదని తిడతారని పుస్తకంలో చెరిపేసినా."

"నేనూ చెరిపేసినా!" ఇంకో పది మిద్దెలు పలికాయి.

ఓబుళమ్మ మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ఇప్పుడు పీకించండి సార్, పన్నెండూ!"