మూడు ఆదివారాల ఫొటోలు

"ముందు ఆ చెయ్యి పెద్దగ చేసి చూపియ్యి," అన్నాడు చెన్నబసప్ప.

శరణమ్మకు ఒళ్లు మండింది. ఫోన్‌లో కూతురు మమత వెనక కంబోడియా రాజుగారి కోట బంగారు కప్పులతో మెరిసిపోతుంటే, ఈయనకు కావలసింది పిల్ల చెయ్యా?

"కోట చూడరాదయ్యా! నాంపెన్ పట్నంల ముందుగాల చూసేది గిదేనంట."

"చూస్తున్న తీయ్."

ఆయన చూసింది చేతినే. ఎర్ర చున్నీ వేసుకున్న మమత కుడిచేత్తో ఎడమచేతి వేళ్లు రెండు పట్టుకుని, బడికి కొత్తగా వచ్చిన పిల్లలా నిలబడి ఉంది.

చెన్నబసప్ప ముప్పై ఏళ్లుగా జహీరాబాద్ పశువుల సంతలో దళారీ. చేతుల మీద తువ్వాలు కప్పి, దాని కింద ఎదుటివాడి వేళ్లు పట్టుకుని ధర చెబుతాడు. చుట్టూ పదిమంది ఉన్నా లెక్క బయటికి పొక్కదు. మమత అంకెలు నేర్చింది బడిలో కాదు, ఆ తువ్వాలు కిందే. బేరగాడి ముఖంలో ధర కనబడితే గొడ్డు చేజారినట్టేనన్నది ఆయన నేర్పిన మొదటి పాఠం.

మమత కంప్యూటర్ ఉద్యోగమని వెళ్లి రెండు నెలలైంది. దిగిన రోజు మాత్రం తనివితీరా మాట్లాడింది. నది ఒడ్డు సంత వెనక వీధిలో ఆఫీసు, పైనే గది అని చెప్పింది. ఆ తరువాత ఏ ఫోనూ రెండు నిమిషాలు దాటలేదు.

"ఊరు చూసి వారానికో ఫొటో పంపు బిడ్డా. చేతులు కనబడాలె, ఉంగరం అమ్ముకున్నవో ఏమో!" అని అడిగింది చెన్నబసప్పే.

రెండో ఆదివారం, వెండి పలకలు పరిచిన గుడి వచ్చింది. ఈసారి మమత ఒక్క వేలే పట్టుకుంది. పక్కింటి శ్యామల, ఫ్యాక్టరీ ఇంజినీరు భార్య, తొంగిచూసింది.

"అదృష్టమంటే మీ అమ్మాయిదేనండీ పిన్నిగారూ! అవునూ, అంత ఎండలో నీడ పడలేదేంటండీ?"

"ఫోన్‌ల గట్లనే ఉంటదమ్మా." చెన్నబసప్ప ఫోన్ లాక్కున్నాడు.

"మళ్ల అదే చున్నీ. అన్ని బట్టలు పెట్టి పంపితి గద," శరణమ్మ గొణిగింది.

మర్నాడు ఆయన సంత మానుకుని హైదరాబాద్ బస్సెక్కాడు. ముప్పై ఏళ్లలో సంత మానడం అదే మొదలు.

"ఏం పనయ్యా?"

"గిరాకి ఉంది."

మూడో ఆదివారం, నదులు కలిసే రేవు. అదే ఎర్ర చున్నీ. నాలుగు వేళ్లు. మళ్లీ హైదరాబాద్.

నాలుగో ఆదివారం ఫొటో రాలేదు. పళ్లెంలో జొన్నరొట్టెలు చల్లారిపోయాయి.

"గది చూడు, గిది చూడు అని నువ్వే పానం తీస్తివి. అలిగింది బిడ్డ!"

ఆయన ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి దాని పక్కనే కూర్చున్నాడు.

సాయంత్రం ఫోన్ మోగింది. చెన్నబసప్ప విన్నాడు. "బిడ్డా," అన్నాడు. అంతే. ముప్పై ఏళ్లు ఎవరికీ ధర చెప్పని ఆ ముఖం ఒక్కసారిగా చెదిరిపోయింది. నేల మీద కూలబడి తువ్వాలులో ముఖం దాచుకున్నాడు.

"ఏమైందయ్యా? చెప్పు!"

"బయటికొచ్చింది."

"ఏడికెళ్లి? కోటలకెళ్లా?"

"ఆ కోట, గుడి అన్నీ ఎనక అతికించిన బొమ్మలే." ఆయన తడిసిన తువ్వాలు ఆమె చేతుల మీద కప్పాడు. దాని కింద ఆమె వేళ్లు రెండు పట్టుకున్నాడు. వదిలి, ఒకటి. వదిలి, నాలుగు.

"ఇదేం ధరయ్యా?"

"ధర గాదు శరణమ్మా, నేను హైదరాబాద్‌ల పోలీసోళ్లకు చెప్పొచ్చిన లెక్క. ఉద్యోగమిచ్చినోళ్లు బిడ్డను తాళమేసి పెట్టిన ఇంటి నంబరు."