ఇల్లు వినిపించిన సాక్ష్యం

ఆ రోజుల్లో విడాకుల కేసుల్లో ఇళ్లే సాక్షులు. గోడలు విన్న ప్రతి మాటనూ దాచుకునేవి.

"మీ ఆయన అరిచిన రోజు గోడల రికార్డు కోర్టుకి ఇచ్చేద్దామమ్మా. పాప మీకే వస్తుంది," అంది కాకినాడ కోర్టు వరండాలో లాయరు సుభాషిణి.

అందుకు ఒప్పుకుంటూ సంతకం పెట్టేముందు మృణాళిని ఆ రికార్డు విన్నది. భర్త భార్గవ అరుపులు, పళ్లెం పగిలిన చప్పుడు, తాను విసురుగా బయటికి వెళ్లడం. ఆ తర్వాతిది ఆమె ఎప్పుడూ వినలేదు. అతను పెంకులు ఏరుతూ పాపతో అంటున్నాడు: "అమ్మ తప్పేం లేదురా, నేనే అరిచాను."

మృణాళిని సంతకం పెట్టకుండానే కాగితం సుభాషిణికి తిరిగిచ్చేసింది.

"విడాకులు కావాలండీ. కానీ పాప ఇద్దరి దగ్గరా ఉంటుందని రాయండి. ఇది చెరిపేయండి."

"చెరపాలంటే ఇద్దరి సంతకాలూ ఉండాలమ్మా."

ఏడాదిగా భర్తతో పలకని మృణాళిని, రికార్డు చెరపడానికి సంతకాలు పెట్టాల్సిన కాగితం తీసుకుని, అవతలి బెంచీ మీద కూర్చున్న అతని దగ్గరికి నడిచింది.