మ్యాన్‌హోల్ మూత

"అమ్మా, ఈ ఇల్లు కొనకండి."

గేటు దగ్గర నిలబడ్డ ముసలాయన గొంతు తగ్గించి అన్నాడు. మాసిన చొక్కా, చేతిలో ఎర్రరంగు నీళ్ల సీసా.

ఆమె ఉలిక్కిపడింది. లోపల భర్త, బ్రోకరు కుళాయి తిప్పి ధారను చూసి మురిసిపోతున్నారు.

ఇల్లు కట్టి చూడమన్నారే గానీ కొని చూడమని పెద్దలెవరూ అనలేదు. అదెంత కష్టమో వాళ్లకీ తెలియదు కాబోలు. ఆరునెలల్లో ఇరవై ఇళ్లు చూశారు ఈ దంపతులు. మున్సిపల్ నీళ్లు, వీధి డ్రైనేజీ రెండూ ఉంటేనే కొందామని ఆమె పట్టు. నాలుగేళ్ల పాపకి అద్దింటి బోరునీళ్లు ఒక్కరోజూ పడలేదు మరి.

"ఎందుకు కొనకూడదు?"

"ఈ రంగు బాత్రూంలో పోయండి. వీధిలో మ్యాన్‌హోల్ మూత తీయించి చూడండి. అక్కడ ఎరుపు కనబడితేనే కొనండి."

సీసా ఆమె చేతిలో పెట్టాడు.

బ్రోకరు పరుగున వచ్చాడు. "మళ్లీ తయారయ్యావా? మేడమ్, పట్టించుకోకండి. ఇంకో బ్రోకరు పంపిన మనిషి. వచ్చినవాళ్లందర్నీ ఇలాగే బెదరగొడతాడు."

"రెండు కనెక్షన్లకీ కాగితాలున్నాయి కదా! ఈ రంగులాటలెందుకు?" భర్త లోపలినుంచే కేకేశాడు.

"పిల్లలున్నారా అమ్మా మీకు?" అన్నాడు ముసలాయన.

ఆ మాట ఆమెకి బెదిరింపులా తోచింది. సీసా తిరిగిచ్చేసింది.

ఇల్లు కొన్నారు.

మూడో నెలలో పాప కళ్లు పచ్చబడ్డాయి. వారం తిరక్కుండా ఐసీయూలో చేర్చారు.

"ఏ నీళ్లు తాగుతున్నారు?" డాక్టరు మొదట అడిగిన మాట అదే.

భర్తని ఆసుపత్రిలో ఉంచి, ఆమె నీటిశాఖ ఇంజనీరమ్మని ఇంటికి తీసుకొచ్చింది. ఇంజనీరమ్మ బాత్రూంలో రంగు పోసింది. వీధి మ్యాన్‌హోల్‌లో దాని జాడే లేదు. రెండు గంటలు ఆగి, తాగేనీళ్ల సంపు మూత తీయించింది.

నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీ పైపు వీధి లైనుకి కలపనేలేదమ్మా. పాత సెప్టిక్ గుంటలోకే పోతోంది. అక్కణ్నించి సంపులోకి ఊరుతోంది."

"మరి కాగితం?"

"కాగితం మీదే కలిపారు."

ఆ నీళ్లే ఇన్నాళ్లూ ఆమె తన చేత్తోనే పాపకి గ్లాసులు నింపి ఇచ్చింది.

"ఈ ఇంటి మీద పాత ఫిర్యాదు కూడా ఉంది. ఇక్కడ ఓ పెద్దావిడ ఈ నీళ్లు తాగే పోయిందని ఆవిడ భర్త రాశాడు. మీకు అమ్మిందెవరు?"

"ఓ కుర్రాడండి. తండ్రి ఎప్పుడో రాసిచ్చిన పవరాఫ్ అటార్నీతో అమ్మాడు."

"ఆ కాగితాలు చూపించండి."

కొన్ననాటినుంచీ భర్త బీరువాలోనే ఉన్న ఫైలు అది. ఆమె ఎన్నడూ తెరవలేదు. ఒక్కో కాగితం తిప్పింది.

చివరి కాగితంలో, ఇంటి అసలు యజమాని అని రాసిన చోట, ఇల్లు కొనొద్దని తనను బతిమాలిన ముసలాయన ఫొటో ఉంది.