వంతెన అవతలి కాలేజీ

"ఆ వంతెన అవతలి కాలేజీ తప్ప ఇంకేదైనా చెప్పు," అంది జోలీన్, కూతురి కంచంలో అడక్కుండానే ఇంకో బంగాళాదుంప వేస్తూ.

"ఇంకేదైనా అంటే చూసొచ్చినవి మూడేగా అమ్మా," అంది ఆబ్రీ.

నిజమే. మిషిగన్‌లో మూడు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకూ పెళ్లిచూపులు పూర్తయ్యాయి. మూడుచోట్లా కాలేజీ తిప్పి చూపించే విద్యార్థులు వీళ్లకేసి తిరిగి వెనక్కి నడుస్తూ, ఎక్కడా తూలిపడకుండా, తమంతటి కాలేజీ భూమ్మీద లేదని చెప్పారు. మూడుచోట్లా బిస్కెట్లు పెట్టారు. ఇక ఈ సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చి సీటుకు బయానా కట్టాలి. కట్టాక వెనక్కి ఇవ్వరు.

తండ్రి రస్ ఎప్పుడో తేల్చేశాడు. "స్టేడియం ఉన్నదే! లక్షమంది పడతారు. ఆ గడ్డి ముట్టుకున్నావా నువ్వు?"

"ముట్టుకున్నాను నాన్నా. గడ్డిలాగే ఉంది."

"మరి చదువో?" అంది జోలీన్.

"ఉండే ఉంటుంది. అంత స్టేడియం కట్టినవాళ్లు పక్కన ఓ లైబ్రరీ కట్టకుండా ఉంటారా?"

జోలీన్ ఓటు ఊరి పక్క కాలేజీకి. ఇంట్లో పోసుకున్న కాఫీ చల్లారేలోగా కారులో చేరుకోవచ్చు. అక్కడ చూపించడానికి వచ్చిన అమ్మాయిని ఆమె తరగతి గదుల గురించి ఒక్క ముక్క అడగలేదు. పిల్లకు జ్వరమొస్తే ఇంటికి ఎవరు చెప్తారు, తినకపోతే ఎవరు చెప్తారు, గదికి ఆలస్యంగా వస్తే ఎవరు చెప్తారు అని అడిగింది. "పద్దెనిమిదేళ్లు నిండినవాళ్ల గురించి మేం ఎవరికీ ఏమీ చెప్పమండీ," అని ఆ అమ్మాయి తన వెనకడుగులు కాస్త జోరు చేసింది.

ఆబ్రీకి కావలసింది మూడోది. అడవుల గురించి చదువుకోవడానికి అని పైకి చెబుతుంది. అసలు కారణం వంతెన. రాష్ట్రాన్ని రెండుగా చీల్చిన నీళ్ల మీద, మైళ్ల పొడవున, గాలొస్తే ఊగే వంతెన. జోలీన్ దాన్ని కళ్లు తెరిచి దాటిన పాపాన పోలేదు. మొన్న కాలేజీ చూడబోయినప్పుడు కూడా వెనక సీట్లో దుప్పటి ముసుగుపెట్టి పడుకుని, అవతలి గట్టు చేరేదాకా "అయిందా? అయిందా?" అంటూనే ఉంది. అంటే వంతెన అవతల చదువుకునే పిల్ల గదికి ఈ తల్లి చెప్పాపెట్టకుండా సూపు గిన్నె పట్టుకుని రావడం కుదరదు. బడికీ, ఈత పోటీలకీ, స్నేహితురాలి పుట్టినరోజు విందుకీ కూడా ఆ గిన్నె వస్తూనే ఉంది మరి.

"అక్కడ మంచు కిటికీల దాకా పడుతుందట," అంది జోలీన్. "బహుమతి గెలిచినట్టు చెప్పుకుంటున్నారు."

"మంచి కోటు కొనుక్కుంటాను."

"తోడేళ్లుంటాయి."

"వాటి గురించే చదవబోయేదమ్మా."

"ఆదివారం భోజనానికి ఎలా వస్తావే?"

"రాను."

రస్ నమలడం ఆపాడు. ఆబ్రీ నాలిక కరుచుకుంది.

"అంటే... ప్రతివారం రాలేను. అయినా నువ్వే రావచ్చుగా అమ్మా! ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు వచ్చెయ్. అడగక్కర్లేదు కూడా."

అంత తియ్యగా ఆ పిల్ల తల్లిని ఎన్నడూ పిలిచి ఎరగదు.

"ఎంత మంచి మనసే నీది!" అంది జోలీన్. "మధ్యలోనే గుండాగి చస్తానని తెలిసే పిలుస్తున్నావు."

రస్‌కు నవ్వొచ్చింది. పెళ్లాం చూపు చూసి దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

జోలీన్ చేతులు తుడుచుకుని కూతురి ఎదురుగా కూర్చుంది. "బాగా ఆలోచించుకున్నావా? ఊరి పక్కది వద్దా?"

"వద్దు."

"మరి ఆ స్టేడియం..." అన్నాడు రస్.

"నువ్వుండు. ఏమే, రేపు మనసు మార్చుకోవుగా?"

"మార్చుకోను."

"నువ్వు ఒప్పుకోబట్టే ఇలా అయిందని నన్ను అనవుగా?"

"ఛ, ఎందుకంటానమ్మా?"

"అయితే కట్టెయ్."

ఆబ్రీ తండ్రి వైపు చూసింది. ఆయన తన స్టేడియానికి మనసులోనే నివాళి అర్పిస్తున్నాడు. తల్లికి మళ్లీ బుద్ధి మారేలోగా ఆ పిల్ల ఫోను తీసి గబగబా నొక్కేసింది. బయానా ముట్టిందని, మా కుటుంబంలోకి స్వాగతమని కాలేజీవాళ్ల జవాబు టక్కున వచ్చింది.

ఆబ్రీ లేచి తల్లిని వాటేసుకుంది. మధ్యలో అన్ని నీళ్లున్నాయన్న ధీమాతో ఆ పిల్లకు అమ్మ మీద ప్రేమ నిజంగానే పొంగుకొచ్చింది.

"నువ్వు ఒప్పుకుంటావని కలలో కూడా అనుకోలేదమ్మా. నేను లేకుండా ఎలా ఉంటావో ఏమో, పాపం!"

"లేకుండా ఎందుకుంటానే?" అంది జోలీన్, కూతురి జుట్టు సవరిస్తూ. "మొన్న మీరిద్దరూ చెట్లు చూస్తూ తిరుగుతుంటే నేను హాస్టల్ ఆఫీసులో కూర్చుని మాట్లాడాను. ఇల్లు కదలడం ఇష్టంలేక ఇంతసేపూ నీకు నచ్చజెప్పి చూశాను. ఇక తప్పేలా లేదు. పైగా అక్కడ పనిచేసేవాళ్ల పిల్లలకు ఫీజు సగమేనట."

"పనిచేసేవాళ్లంటే ఎవరు?" అన్నాడు రస్.

"వారం వారం ఆ వంతెన దాటడం నా వల్ల కాదు గానీ, ఒక్కసారికైతే కళ్లు మూసుకుంటాను," అంది జోలీన్. "ఆగస్టు నుంచి మన పిల్ల హాస్టల్ గుమ్మం దగ్గర బల్ల వేసుకుని, ఎవరు ఎప్పుడొచ్చారో చూసేది నేనే."