వెనక పేజీ

“ఏం పెద్దాయనా, ఊరికే నిలబడుకోనుండావు? వచ్చి నిచ్చెన పట్టుకో.”

మూడో అంతస్తు వరండాలో గోడవారగా ఉన్న పంచెకట్టు మనిషి వచ్చి పట్టుకున్నాడు. కాంట్రాక్టరు పంపిన కూలీ అనుకున్నాడు ప్రతాప్.

అది రెండువేల తొమ్మిది. తిరుపతిలో ఆ ప్రైవేటు ఆసుపత్రికి వైర్‌లెస్ పెట్టే పని ప్రతాప్‌ది. గుండె జబ్బువాళ్ల మానిటర్లు తీగల్లేకుండా నర్సు బల్ల దగ్గర మోగాలి. ఆ కబురు మోసేవి సీలింగుకు బిగించిన డబ్బాలు. కింద గదిలో ఆ డబ్బాలను నడిపే రెండు నెట్‌వర్కు స్విచ్చిలున్నాయి. ఏ స్విచ్చి మాట వినాలో ప్రతి డబ్బాకూ పేరు రాసి చెప్పాలి.

ప్రతాప్ నిచ్చెన దిగి, ల్యాప్‌టాప్ పక్కన నోట్సు తెరిచాడు. రత్నం సార్ నోట్సు. ఊళ్లో నెట్‌వర్కింగ్ నేర్చుకున్న ప్రతివాడికీ అదే ఆధారం. సారును చూసినవాళ్లు తక్కువ. జెరాక్సుకు జెరాక్సు తీసిన ఆ వాలు రాతను చూడనివాళ్లు లేరు.

పెద్దాయన తొంగి చూశాడు.

“ఒక స్విచ్చి పేరే రాస్తాండావే. అది పోతే? రెండోదాని పేరు గూడా రాయప్పా.”

ప్రతాప్‌కు ఒళ్లు మండింది. “నోట్సులో ఒకటే ఉండాది. నిచ్చెన పట్టుకోమంటే పాఠాలు చెప్తావా? పో, వేరేవాణ్ణి పంపించు!”

పెద్దాయన నోట్సులో పేజీ అంకెలు చూసి వెళ్లిపోయాడు.

సాయంత్రం పని ముగిసేసరికి నర్సు కృపామణి ఒక మడత కాగితం తెచ్చింది. “ఆ పెద్దాయన నీకిమ్మన్నాడన్నా.”

కూలీవాడి అర్జీ ఏదో అయ్యుంటుందనుకుని, విప్పకుండానే నోట్సులో దూర్చేశాడు.

మర్నాడు పదకొండు గంటలకు మొదటి స్విచ్చి కాలిపోయింది. డబ్బాల దీపాలన్నీ ఎర్రబడ్డాయి. పక్కనే రెండో స్విచ్చి నిక్షేపంగా వెలుగుతోంది. దాని పేరు ఒక్క డబ్బాకూ తెలియదు.

ప్రతాప్ మూడో అంతస్తుకు పరుగెత్తాడు. ఏడో బెడ్డు చుట్టూ డాక్టర్లు.

“ఆనందమ్మకు గుండె లయ తప్పిందన్నా. నా బల్ల దగ్గర ఏమీ మోగలేదు!” అంది కృపామణి. “మాత్రలియ్యను పోయినాను గనక సరిపోయింది. వేలూరు పెద్దాసుపత్రికి పంపిస్తాండారు.”



స్ట్రెచర్ కదిలింది. దాని కమ్మీ పట్టుకుని నడుస్తున్నది నిన్న నిచ్చెన పట్టుకున్న మనిషే.

“ఈయన... కూలీ కాదా?”

“కూలీ ఏందన్నా? ఆయమ్మ మొగుడు. వారం నుంచి ఈడనే ఉండాడు.”

పెద్దాయన ప్రతాప్‌ను చూసి ఆగాడు. ముఖంలో కోపం లేదు.

“ఆ కాగితం సూసినావా అప్పా?”

ప్రతాప్ చంకలోని నోట్సు తడుముకునేలోగా స్ట్రెచర్ లిఫ్టులోకి వెళ్లింది. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

నోట్సులోంచి కాగితం తీసి విప్పాడు. రెండో స్విచ్చి పేరు ఎక్కడ, ఎలా రాయాలో వరసగా ఉంది. పై మూలన 42 అంకె వేసి ఉంది. నోట్సు తిప్పి చూశాడు. నలభై ఒకటి తర్వాత నలభై మూడు. జెరాక్సువాడు ఆ ఒక్క కాగితానికి వెనకపక్క తియ్యలేదు. ఇన్నాళ్లూ తనూ గమనించలేదు.

కింద అంబులెన్సు కూత గేటు దాటిపోయింది.

కాగితం మీద సిరా ఇంకా కొత్తగా, నీలంగా ఉంది. ఆ వాలు రాత మాత్రం రెండేళ్లుగా నల్లటి జెరాక్సులో తను చదువుకుంటున్న రత్నం సారుదే.