సూది వేయించుకోని మనిషి

సైకిలుకు గాలి కొట్టాలి, చైనుకు నూనె వేయాలి, ఫ్లాస్కులో టీ నింపాలి, వదులైపోయిన ప్యాంటుకు తాడు బిగించాలి. లారీలు వాటంతటవే నడవడం మొదలయ్యాక డ్రైవరు కంబగిరికి పని పోయింది, భార్య పుట్టింటికి పోయింది, ఒళ్లు మాత్రం పెరిగింది. సైకిలు మీద టీ అమ్ముతూ ఆ ఒళ్లంతా కరిగించాడు.

"సన్నబడినావే కంబగిరన్నా! ఒళ్లు తగ్గనీకి ఏ సూది ఏసుకున్నావు?" అంది పక్కింటి సుంకులమ్మ.

"సూది గాదమ్మా, తొక్కినా."

"పో అన్నా! అందరూ సూదితో తగ్గుతుంటే నువ్వొక్కనివి చెమటోడ్చినావా? పేరు చెప్తే నీ సొమ్మేం పోతాది?"

ఒక్కరైనా నమ్ముతారని ఆశపడ్డ కంబగిరి సైకిలు తీసి రోడ్డెక్కాడు. అతన్ని చూసి కార్లు వాటంతటవే ఆగాయి. లోపలివాళ్లు తలెత్తలేదు.

మీ కారు ఊరికే ఆగిందనిపిస్తే విసుక్కోకండి. కారు ముందర కంబగిరి సైకిలు తొక్కుతున్నాడని గుర్తు పెట్టుకోండి.