అత్తగారి ఆఖరి చావు

"అత్తగారిని చంపేశాను. ఇక సీరియల్ అయిపోయినట్టే," అంటూ రచయిత ఆఖరి ఎపిసోడ్‌ను నిర్మాత బల్ల మీద పడేశాడు.

"పాలిచ్చే గేదెను ఎవరైనా కటికవాడికి అమ్ముకుంటారా?"

"పాలు ఎప్పుడో ఇంకిపోయాయండీ. మీరు పిండుతున్నది నెత్తురు. ఆవిడను కోమాలోంచి రెండుసార్లు లేపారు, గతం మరిపించారు, కవల చెల్లెల్ని దించారు. థూ! మా ఆవిడే చూడటం మానేసింది."

"జనం మానలేదుగా." నిర్మాత తీరిగ్గా చదివాడు. "కారు లోయలో పడింది, పేలిపోయింది. బాగుంది. మరి శవం?"

"వెతుకుతున్నారు."

"దొరికిందని రాయలేదే?"

రచయిత ముఖం కందగడ్డ అయింది. "మీ కక్కుర్తి తగలెయ్య! ఇటివ్వండి." కాగితం లాక్కుని, కలం విరిగేలా నొక్కి రాసి, మళ్ళీ ముందుకు తోశాడు.

నిర్మాత పైకి చదివాడు. "శవం దొరికింది. ముఖం మాత్రం గుర్తుపట్టలేనంతగా కాలిపోయింది."

రచయిత తన రాతను తానే కొత్తగా చూస్తున్నట్టు నిలబడిపోయాడు.

"కూర్చోండి, టీ తెప్పిస్తాను," అన్నాడు నిర్మాత. "ఇంతకీ ఆ కాలిపోయినావిడ ఎవరంటారు?"

"నర్సు," అన్నాడు రచయిత, కుర్చీ లాక్కుంటూ. "అత్తగారి నగలు పెట్టుకుని పారిపోతోంది."